కంచర గాడిదలతో హిమాలయాలకు వెళ్లే ఫొటోగ్రాఫర్లకు జాగ్రత్తలు

వేసవి ముదిరేసరికి విజయవాడ, గుంటూరు ఫొటోగ్రఫీ గ్రూపుల్లో హిమాలయాల మాట మొదలవుతుంది. 45 డిగ్రీల ఎండకు మాడిపోయి ఉన్నవాళ్లం కదా, మంచు అనగానే పదిమంది ‘నేనూ వస్తా’ అంటారు. హిమాచల్ ప్రదేశ్‌లోని మనాలి నుంచి హంప్టా పాస్ అనే కనుమ దాటి చంద్రతాల్ సరస్సు చేరే దారిని మనవాళ్లు బాగా ఇష్టపడతారు. కులూ వైపు పచ్చని లోయ ఉంటుంది. పాస్ దాటగానే లాహౌల్ వైపు చెట్టన్నది లేని మట్టిరంగు కొండలు. టెంట్లు, వంటసామాను, మన పెద్ద బ్యాగులు కంచర గాడిదలే మోస్తాయి కాబట్టి ఇదంతా తేలికే అనుకుంటారు. భుజాల మీద బరువు తగ్గే మాట నిజమే. కానీ జాగ్రత్త మాత్రం ఇంకాస్త ఎక్కువే కావాలి.

పొద్దున లోడు కట్టాక ఆ బ్యాగు మళ్లీ మీ చేతికి వచ్చేది సాయంత్రం క్యాంపులోనే. గాడిదలు మనకన్నా వేగంగా వెళ్లిపోతాయి. మనమేమో ప్రతి వాగు దగ్గరా, ప్రతి పువ్వు దగ్గరా ఆగిపోతాం. మధ్యాహ్నం ఒక్కసారిగా వడగళ్లు పడితే మీ జాకెట్ ఎక్కడో ముందు గాడిద వీపు మీద ఉంటుంది. అందుకే రెయిన్‌కోటు, ఉన్ని జాకెట్, గ్లౌజులు, పొడి సాక్సులు, తలకు కట్టుకునే లైటు, మందులు, నీళ్లు, తినడానికి ఏదో ఒకటి కచ్చితంగా మీ వీపు మీదే ఉండాలి. వీటికి చోటు చాలకపోతే లెన్సు ఒకటి తగ్గించుకోండి, జాకెట్‌ను మాత్రం గాడిదకు ఎక్కించకండి. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ దారిలో మంచు తుఫానులో చిక్కుకుని కర్ణాటక నుంచి వెళ్లిన బృందంలో తొమ్మిది మంది చనిపోయారు. జూన్ నెలే కదా అని ధీమాగా ఉండే ఎత్తులు కావవి.

కెమెరా కూడా లోడులో వద్దు. లోడు కట్టేటప్పుడు ఒక్కసారి దగ్గరుండి చూడండి. గాడిదలను తోలే మనిషి రెండు బ్యాగులను రెండు చేతులతో ఎత్తి చూస్తాడు. ఒకటి బరువుగా అనిపిస్తే అందులోంచి ఏదో తీసి రెండోదాంట్లో కుక్కుతాడు. అప్పుడు వీపుకు అటొకటి ఇటొకటి వేసి, తాడు పొట్ట కింద నుంచి తిప్పి, మోకాలు ఆనించి మరీ బిగిస్తాడు. ఆ బిగింపుకే లెన్సు పని అయిపోతుంది. ఇక దారిలో ఆ బ్యాగు బండలకు రాసుకుంటుంది, వాగుల్లో తడుస్తుంది. చక్రాల సూట్‌కేసులు, గాజు సీసాలు అసలే వద్దు. ఆవకాయ సీసా మాట వేరే చెప్పనక్కర్లేదు, నూనె కారిందంటే స్లీపింగ్ బ్యాగు కూడా పాడే. కందిపొడి, కారప్పొడి, వేరుశనగ చిక్కీలు తీసుకెళ్లండి. బ్యాగుకు తొమ్మిది, పది కిలోలే అని నిర్వాహకులు సాధారణంగా పరిమితి పెడతారు. ఇంట్లోనే తూకం వేసుకోండి, అక్కడికెళ్లి బతిమాలే పని పెట్టుకోవద్దు. అదనంగా తోసిన ప్రతి కిలోనూ ఒక ప్రాణి మోయాలి. వీపు మీద పుండు ఉన్న జంతువుకో, కుంటుతున్న దానికో లోడు కడుతుంటే లీడరుకు చెప్పి ఆపించండి. పనికిరాని స్థితిలో ఉన్న జంతువుతో పని చేయించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం.

ఇరుకు దారిలో గాడిదలు ఎదురొస్తే కొండ గోడ వైపు ఆనుకుని నిలబడండి. లోయ అంచున ఎప్పుడూ నిలబడొద్దు. వాటికి తమ పక్కన వేలాడుతున్న బ్యాగుల వెడల్పు పట్టదు. ఆ బ్యాగు అంచు తగిలితే చాలు, మనిషి కిందికి పోతాడు. ఫొటోగ్రాఫర్లకే ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే గాడిదల వరుస, వెనక మంచుకొండ కలిసి కనిపించే ఫ్రేము దాదాపు ఎప్పుడూ లోయ వైపు నుంచే దొరుకుతుంది. ఆ ఫొటో కావాలంటే ముందుగా వెళ్లి, మలుపు దగ్గర దారికి పైన విశాలమైన చోటు చూసుకుని కూర్చోండి. వెనక నుంచి దగ్గరకు వెళ్లకండి, తన్నుతాయి. ఫ్లాష్ వద్దు. గాలికి రెపరెపలాడే ప్లాస్టిక్ కవర్‌కు కూడా అవి బెదురుతాయి, బ్యాగు మీది రెయిన్ కవర్‌ను బిగించి కట్టుకోండి. వాటి మనిషిని ఫొటో తీసేముందు అడగాలి, అడిగితే చాలామంది నవ్వుతూనే నిలబడతారు.

హంప్టా పాస్ ఎత్తు సుమారు 4,270 మీటర్లు. అక్కడ మన ఊళ్లో పీల్చే ఆక్సిజన్‌లో అరవై శాతమే అందుతుంది. మంగళగిరి మెట్లు, కొండపల్లి కోట ఎనిమిది కిలోల బ్యాగుతో రెండు నెలలు ఎక్కండి, కాళ్లు గట్టిపడతాయి. కానీ ఎత్తుకు ఒంటిని అలవాటు చేయడం వాటి వల్ల కాదు. ఆక్సిజన్ తక్కువై వచ్చే కొండ జబ్బు జిమ్ కుర్రాళ్లకు కూడా వస్తుంది. గన్నవరంలో విమానమెక్కి, మనాలి చేరిన మర్నాడే నడక మొదలుపెట్టే ప్లాన్ ఒప్పుకోకండి. 3,000 మీటర్లు దాటాక ఏ రాత్రీ ముందు రాత్రికన్నా 500 మీటర్లకు మించి పైన పడుకోకూడదు. కొండ జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర డాక్టరును అడిగే వాడాలి, సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు పరీక్షలు ఇక్కడే చేయించుకోండి.

గ్రూపులో తలనొప్పిని దాచుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. తన వల్ల మిగతావాళ్ల ట్రిప్ పాడవుతుందని వాళ్ల టెన్షన్. ‘బాబాయ్, తల నొప్పిగా ఉందా, అన్నం తిన్నావా’ అని రోజూ రాత్రి ఒకరినొకరు అడగండి. తలనొప్పి, వాంతి ఉంటే ఇక పైకెళ్లడం ఆపాలి. తూలుతూ నడవడం, మాట తికమక కావడం, కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం కనిపిస్తే తెల్లారేదాకా కూడా చూడకుండా వెంటనే కిందికి దించాలి. అప్పుడు ఎవరు తోడు దిగాలో విజయవాడలోనే తేల్చుకోండి. పైకెళ్లాక ఫ్రేముల మోజులో ఎవరికీ దిగాలనిపించదు.

మంచు కరిగే కొద్దీ మధ్యాహ్నానికి వాగుల్లో నీళ్లు పెరుగుతాయి, కాబట్టి పొద్దున్నే దాటండి. వీపు బ్యాగుకుండే నడుము బెల్టు విప్పేసి, కెమెరా నీళ్లు చొరని సంచిలో పెట్టి, గైడ్ చెప్పిన చోటే దిగాలి. నీళ్ల మధ్యలో ఆగి ఫొటో తీయొద్దు. సాయంత్రం వెలుగు కోసం వెనకబడేవాళ్లు ఇద్దరిద్దరుగా ఉండాలి, వాళ్లతో ఒక గైడ్ ఉండాలి.

చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది, రాత్రి స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని పడుకోండి. కెమెరాను చల్లటి గాలి నుంచి టెంట్‌లోకి తెచ్చేముందు జిప్ కవర్‌లో పెట్టి మూసేస్తే లెన్సు మీద చెమ్మ పట్టదు. పవర్ బ్యాంకులు విమానంలో చేతి సామానులోనే పెట్టాలి. అమెరికాలో ఉన్న అన్నయ్య శాటిలైట్ మెసేజ్ పరికరం ఇస్తానంటే వద్దనండి. అనుమతి లేకుండా అలాంటివి మన దేశంలో వాడితే అరెస్టు చేయొచ్చు. డ్రోన్‌కు కూడా అనుమతి ముందే చూసుకోవాలి.

తిరుగు ప్రయాణానికి కనీసం రెండు రోజులు ఖాళీ ఉంచండి. 2023 జూలైలో వరదలకు దారులు మూసుకుపోయి చంద్రతాల్ దగ్గర పర్యాటకులు రోజుల తరబడి ఉండిపోయారు. బయల్దేరేముందు రూటు, క్యాంపుల పేర్లు, నిర్వాహకుల నంబరు, ఒక్కొక్కరి బ్లడ్ గ్రూపు కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వండి. చాలా చోట్ల సిగ్నల్ ఉండదని, ఫలానా తారీఖు దాకా ఫోన్ రాకపోయినా కంగారు పడొద్దని, ఆ తారీఖు దాటితే మాత్రం ఈ నంబరుకు చేయమని విడమరిచి చెప్పండి.