అమ్మ గ్రీన్ కార్డు, నా దగ్గర లేని బర్త్ సర్టిఫికెట్: నా అనుభవం

అమెరికా పౌరసత్వం వచ్చాక అమ్మ గ్రీన్ కార్డు కోసం ఐ-130 (దగ్గరి బంధువు కోసం వేసే పిటిషన్) వేశాను. ఫారం నింపిన కన్సల్టెంట్ లాయర్ కాదని నాకు తర్వాతే తెలిసింది. నేను అమ్మ కొడుకునని రుజువు చూపమంటూ ఇమిగ్రేషన్ వాళ్ల నుంచి నోటీసు వచ్చింది. నేను 1978లో తెనాలి దగ్గర పల్లెలో, ఇంట్లోనే పుట్టాను. ఎవరూ నమోదు చేయించలేదు. పదో తరగతి సర్టిఫికెట్‌లో నాన్న పేరే ఉంది, అమ్మ పేరు లేదు. ఆ వారమంతా టెన్షన్‌తో నిద్ర లేదు.

ఈసారి స్టేట్ బార్ (రాష్ట్రంలోని లాయర్ల సంస్థ) వెబ్‌సైట్‌లో లైసెన్సు చూసుకుని ఒక లాయరు గారిని కలిశాను. ఫీజు భరించలేనివాళ్లకు అమెరికా న్యాయశాఖ గుర్తింపు ఉన్న ప్రతినిధులు స్వచ్ఛంద సంస్థల్లో తక్కువ ఖర్చుతో సాయం చేస్తారని కూడా ఆవిడే చెప్పారు.

ముందు, జనన నమోదు లేదని ఊళ్లో ధ్రువపత్రం తీసుకున్నాం. తర్వాత పెద్దమ్మ, మేనమామ అఫిడవిట్లు. టైపిస్టు రాసిన మొదటి కాగితంలో "వీరు నాకు బాగా తెలుసు" అని మాత్రమే ఉంది. లాయరు గారు అది పనికిరాదన్నారు. సాక్షి ఎప్పుడు, ఎక్కడ పుట్టారు, చిరునామా ఏమిటి, మాకేమవుతారు, నా పుట్టుక సంగతి వాళ్లకెలా తెలుసు, అన్నీ ఉండాలట. పెద్దమ్మకు ఫోన్ చేస్తే, మంత్రసానిని పిలుచుకొచ్చింది తనేనని చెప్పింది. నాకప్పటిదాకా తెలియదు! అదే రాయించాం. ఇంగ్లిష్ అనువాదాలు జతచేసి, గడువులోపు అన్నీ ఒకేసారి పంపాం.

పిటిషన్ ఆమోదం పొందింది. ఇప్పుడు కాన్సులేట్ ఇంటర్వ్యూ కోసం చూస్తున్నాం.