ఇంట్లోనే కూచిపూడి, 4వ పాఠం: మళ్లీ అరమండి

ఈ వారం అడుగులు మొదలుపెట్టాలి. పెట్టడం లేదు. మూడో పాఠం చూసి అరమండి (మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమ) సాధన చేసినవాళ్లలో చాలామంది మోకాలి లోపలివైపు నొప్పి అంటున్నారు. గునుపురం నుంచి ఒక తల్లి తన పాప వీడియో పంపారు. పదకొండేళ్ల పిల్ల. పాదాలు రెండూ అటూ ఇటూ ఒకే గీత మీద పెట్టి, పళ్లు బిగబట్టి కూర్చుంది. మోకాళ్లు మాత్రం ముందుకొచ్చి ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి.

తప్పు ఆ పాపది కాదు. "పాదాలు బాగా పక్కలకు తిప్పండి, ఎంత కిందికి వెళ్తే అంత మంచిది" అని రాసింది నేను. క్లాసులో ఆ మాట అంటూనే పిల్లల తొడ పట్టుకుని తిప్పి చూపిస్తాను. మీ ఇంటికి మాట వచ్చింది, నా చెయ్యి రాలేదు. ఆ వాక్యం కొట్టేసుకోండి.

మోకాలు వాచినా, పట్టేసినట్టు బిగుసుకున్నా ఈ పాఠం కూడా చేయకండి. ముందు డాక్టరుకి చూపించండి.

నమస్కారం, నడుముకి చున్నీ బిగించడం, చేతులు నడుం మీద పెట్టడం మీకు వచ్చినవే. నేరుగా పాదాల దగ్గరికి వెళ్దాం.

పాత రుబ్బురోలు చూశారుగా. గుంటలో పొత్రం ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. మన తుంటి కీలు అలాంటిది, గుంటలో గుండు. మోకాలు తలుపు బందు లాంటిది. తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, దాదాపు అంతే. తలుపుని మెలితిప్పితే తలుపు తిరగదు, మేకులు ఊడతాయి. అరమండిలో పక్కకు తిరగాల్సింది తొడ. తొడ తిరిగితే మోకాలు దానితోపాటు వస్తుంది, మోకాలితోపాటు పాదం వస్తుంది. మీరు చేసింది దీనికి తలకిందులు. ముందు పాదం తిప్పేశారు. తొడ రాలేదు. మధ్యలో ఉన్న మోకాలు మెలిపడింది.

లెక్క కూడా చూడండి. చాలామందికి తుంటి కీలు బయటికి సుమారు 45 డిగ్రీలు తిరుగుతుంది. రెండు కాళ్లకూ కలిపితే 90. పాదాలు ఒకే గీత మీద ఉండాలంటే 180 కావాలి. మిగతా 90 ఎక్కడినుంచి వస్తుంది? మోకాలు, చీలమండ ఇవ్వకూడనిది ఇస్తే వస్తుంది. కొందరికి ఎముక అమరికలోనే ఎక్కువ తిరుగుతుంది, కొందరికి 35 దగ్గరే ఆగిపోతుంది. పక్కింటి అమ్మాయి పాదాలు చూసి మీ పాదాలు పెట్టకండి. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. పోటీల్లో పాదాలు ఒకే గీత మీదున్నాయా లేదా అనే చూస్తారు, పైన మోకాలు ఎక్కడుందో చూడరు. అమ్మలు కూడా అదే ఫోటో తీస్తారు. ఆ ఫోటో కోసం మోకాళ్లు పాడైపోయిన పిల్లల్ని చూశాను. పద్దెనిమిదేళ్లకే మెట్లు దిగడానికి గోడ పట్టుకుంటారు.

మీ కోణం మీరే కనుక్కోండి. నేల మీద పాత న్యూస్‌పేపర్ పరిచి దానిమీద నిటారుగా నిలబడండి. పాదాలు రెండూ పక్కపక్కన, వేళ్లు ముందుకు. బరువు మడమల మీద వేసి వేళ్లు కొంచెం పైకెత్తండి. ఇప్పుడు పాదాలను మర్చిపోయి తొడల్ని మాత్రమే బయటికి తిప్పండి. పిరుదుల కింద కండ బిగుసుకుంటుంది, అది తెలియాలి. తొడలు ఎక్కడ ఆగితే అక్కడ వేళ్లు దించండి. పెన్సిల్‌తో పాదాల చుట్టూ గీయండి. అదే మీ అరమండి. మడమల మధ్య నాలుగు వేళ్ల ఎడం నా పద్ధతి, మా గురువుగారి దగ్గర వచ్చింది. మీకు నేర్పినవాళ్లు మడమలు కలపమంటే కలపండి, దానికి గొడవ లేదు.

ఆ గీతలోనే కూర్చోండి. తల వంచి చూస్తే మోకాలు రెండో వేలి పైన ఉండాలి, లోపలివైపు బొటనవేలు మాత్రం కనిపించాలి. పాదంలో సగం కనిపిస్తోందంటే మోకాలు లోపలికి పడిపోయింది. పైకి లేచి మళ్లీ చేయండి. ఇంకో పరీక్ష. పాదాలు తడిపి సిమెంటు నేల మీద అరమండి వేసి, లేచి, తడి ముద్ర చూడండి. మామూలుగా నిలబడితే పాదం మధ్యలో ఖాళీ ఉండి, అరమండిలో ఆ ఖాళీ నిండిపోతే పాదం లోపలికి ఒరిగిందని అర్థం. కోణం కొంచెం తగ్గించండి.

మాది ఒడిశాలోని బరంపురం, ఇక్కడి పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. పర్లాకిమిడి, రాయగడ, ఛత్రపురం పిల్లలకూ ఉంటుంది. స్కూల్లో ఒడిస్సీ నేర్చుకుని నా దగ్గరికి వస్తారు. కూర్చోమనగానే చౌకలో కూర్చుంటారు. చౌక చాలా అందమైన భంగిమ. జగన్నాథుడి రూపంలా నలుపలకగా, మడమల మధ్య సుమారు అడుగు ఎడంతో, బరువు సరిగ్గా మధ్యలో ఉంటుంది. కానీ అంత ఎడంలో ఒక పాదం లేపాలంటే ఒళ్లు రెండోవైపు జరగక తప్పదు. ఒడిస్సీ ఆ బరువు మార్పుని మొండెంతో అందంగా వాడుకుంటుంది. మన అడుగు వేరు, వేగం వేరు. కూచిపూడిలో పాదం చటుక్కున లేచి నేలను తట్టి మళ్లీ లేవాలి, నడుము ఊగకూడదు. అందుకే మడమలు దగ్గర. ఒడిస్సీ మానేయమని ఎవరికీ చెప్పను. రెండూ నేర్చుకోండి, ఒకే రోజు మాత్రం వద్దు. ఒక పూట చౌక, మర్నాడు అరమండి.

మోకాలు వేలి వెంట వెళ్లడం అంటే ఏమిటో కళ్లారా చూడాలంటే ఠాకురాణి యాత్రలో పులివేషాలు చూడండి. రెండేళ్లకోసారి మా ఊళ్లో జరిగే యాత్ర. ఒళ్లంతా రంగు పూసుకుని, తోక కట్టుకుని, డప్పుల ముందు గంటలకొద్దీ ఆడతారు. మంచి వేషగాడు బాగా వంగి దూకినప్పుడు మోకాలు చూడండి, పాదం ఎటుంటే అటే ఉంటుంది. లేకపోతే అంతసేపు ఆడలేడు. నేను పిల్లలకు అద్దం కంటే ముందు ఆ వేషాల్నే చూపిస్తాను.

ఎంత కిందికి కూర్చోవాలి అంటే, మీ ముఖం మీద కష్టం ఏమీ కనిపించనంత వరకు. కూచిపూడిలో కాళ్లతోపాటు ముఖం ఆడాలి. భామాకలాపం అనే నృత్యనాటకంలో సత్యభామ గర్వంగా నడిచి వస్తుంది. మోకాలు సలుపుతున్నప్పుడు నుదురు ముడిపడుతుంది, గర్వం పోయి నొప్పి కనిపిస్తుంది. ఆ వేషానికి పేరు తెచ్చిన వేదాంతం సత్యనారాయణ శర్మగారు మగవాడై ఉండి సత్యభామని నమ్మించారంటే, అడుగుల మీద ఆలోచన లేనంతగా ఒళ్లు సిద్ధంగా ఉండబట్టే. రేపు మీరు తరంగం అనే నాట్యాంశంలో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడతారు. లోపలికి పడే మోకాలుతో పళ్లెం నడవదు.

సాధన. గ్రానైట్, టైల్స్ మీద వద్దు, జారుతుంది. దుప్పటి అంతకంటే జారుతుంది. నేను గోనెసంచి తడిపి, గట్టిగా పిండి పరుస్తాను. ఖర్చు లేదు, పాదం పట్టుకుంటుంది.

21 రోజులు, ఒక్కరోజు మానకుండా (ఒడిస్సీ కూడా చేసేవాళ్లు చౌక రోజులు లెక్కలో వేసుకోకండి). న్యూస్‌పేపర్ గీతలో నిలబడి ఆదితాళం వేయండి. ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు), అంటే ఎనిమిది క్రియల్లో (చేతి లెక్కల్లో) నెమ్మదిగా దిగండి, ఒక ఆవర్తనం ఆగండి, ఒక ఆవర్తనంలో లేవండి. ఇలా 12 సార్లు. మొదటి వారం సగం లోతే. రెండో వారం ఆగిన ఆవర్తనంలో క్రియకో అక్షరం చొప్పున తకధిమి రెండుసార్లు పైకి చెప్పండి, గొంతు వణకకూడదు. మూడో వారం ఆగినప్పుడు ఎదురుగా ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి ఆ రోజు ఏం జరిగిందో నవ్వుతూ చెప్పండి. నవ్వు బిగుసుకుపోయిందని వాళ్లు అంటే రెండు అంగుళాలు పైకి లేచి మళ్లీ చెప్పండి.

ప్రతి ఏడో రోజు ఎదురుగా నడుం ఎత్తునుంచి ఒక ఫోటో తీయించుకుని, మోకాలు, రెండో వేలు ఒక గీత మీద ఉన్నాయో లేదో స్కేలు పెట్టి చూసుకోండి. గునుపురం పాప మూడు ఫోటోలూ వచ్చాక అడుగులు మొదలుపెడదాం.