డీజిల్ ట్రక్కుకి మీటర్లు, నాలుగో పాఠం: ఫ్యూయల్ ప్రెషర్ (దానికంటే ముందు ఆ ఎర్ర వైరు సంగతి)

ఈసారి ఫ్యూయల్ ప్రెషర్ మీటరు బిగిద్దామనుకున్నాను. బిగిద్దాం, కాస్త ఆగండి. పోయిన పాఠం చూసి పైరోమీటరు (ఎగ్జాస్టు వేడి చూపే మీటరు) పెట్టుకున్న వాళ్లలో ముగ్గురికి ముల్లు వెనక్కి తిరిగింది. ఇద్దరికి ముల్లు లేస్తోంది గానీ, ట్రైలర్ కట్టి గుట్ట ఎక్కించినా 1,000 ఫారన్‌హీట్ దాటడం లేదట. "మా బండి భలే చల్లగా నడుస్తోందండీ" అని ఒకాయన సంబరం. ఆ సంబరం చూసే నాకు భయం వేసింది.

తప్పులో సగం నాదే. "మిగిలిన వైరు సర్దుకోండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. సర్దడమంటే నా లెక్కలో చుట్ట చుట్టి, జిప్ టై వేసి, డాష్ వెనక దోపడం. మీలో కొందరి లెక్కలో కత్తిరించడం. ఇంకొందరు డాష్‌లో చుట్టకి చోటు లేదని ఇంజిన్ దగ్గరే కత్తిరించి, అక్కణ్నుంచి మీటరు దాకా ఇంట్లో ఉన్న స్పీకర్ వైరు లాగారు.

కొత్తగా వచ్చిన వాళ్లకి రెండు ముక్కలు. మనం చూస్తున్నది 1998 మధ్య నుంచి 2002 దాకా వచ్చిన డాడ్జ్ రామ్, 5.9 లీటర్ల 24 వాల్వుల కమిన్స్ ఇంజిన్. నాది 2001 మోడల్ 2500. టెక్సాస్‌లో ట్రైలర్ లాగడానికే ఉంచుకున్నాను. కంపెనీ ఇచ్చిన డాష్‌లో బూస్టు (టర్బో నెట్టే గాలి ఒత్తిడి), ఎగ్జాస్టు వేడి, ఫ్యూయల్ ప్రెషర్ మూడూ కనిపించవు. కంప్యూటర్ పోర్టుకి తెర తగిలిస్తే చాలదా అని అడుగుతున్నారు. ఈ బండిలో ఎగ్జాస్టు వేడికి సెన్సారే లేదు, లేనిదాన్ని తెర ఎక్కణ్నుంచి తెస్తుంది?

ఇక వైరు. మానిఫోల్డులో (సిలిండర్ల నుంచి వేడి పొగ బయటికొచ్చే గొట్టం) దిగిన ప్రోబు, అంటే వేడి పసిగట్టే పుల్ల, దాని లోపల రెండు వేర్వేరు మిశ్రలోహాల తీగలుంటాయి, క్రోమెల్, అల్యూమెల్. కె రకం థర్మోకపుల్ అంటారు. రెండూ కొసన అతికి ఉంటాయి. కొస ఒక వేడిలో, రెండో చివర ఇంకో వేడిలో ఉంటే తీగల మధ్య కాస్త వోల్టేజి పుడుతుంది. 1821లో సీబెక్ గమనించిన సంగతి ఇది. కాస్త అంటే ఎంత? డిగ్రీ సెల్సియస్‌కి 41 మైక్రోవోల్టుల చొప్పున. మనం జాగ్రత్తపడాల్సిన 1250 ఫారన్‌హీట్, అంటే 677 సెల్సియస్ దగ్గర కూడా మొత్తం 28 మిల్లీవోల్టులు. గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్లులో దీనికి యాభై రెట్లు పైనే ఉంటుంది.

ఇక్కడ పట్టుకోవాల్సింది ఒకటే. ఆ తీగలు చెప్పేది కొస ఎంత వేడిగా ఉందని కాదు. కొసకీ, ఆ లోహం ఆగిపోయిన చోటికీ మధ్య తేడా ఎంతని. లోహం మీటరు దాకా వస్తే మీటరు తన దగ్గరి వేడిని ఆ తేడాకి కలిపి అసలు సంఖ్య చూపిస్తుంది. మీరు ఇంజిన్ దగ్గర కత్తిరించి రాగి తీగ కలిపారు. లోహం ఆగిపోయింది ఎనభై డిగ్రీల సెల్సియస్ ఇంజిన్ బేలో. మీటరు ఉన్నది ఏసీ వేసుకున్న క్యాబిన్లో, ఇరవై అయిదు డిగ్రీల్లో. పాపం అది తన పాతికే కలుపుతుంది, మధ్యలో యాభై అయిదు మాయం. ఫారన్‌హీట్‌లో 99. మానిఫోల్డులో 1250 ఉంటే ముల్లు 1150 చూపిస్తుంది. ఇంజిన్ బే వేడెక్కిన కొద్దీ అబద్ధం పెరుగుతుంది, అంటే లోడు మీద ఉన్నప్పుడే. పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద పరీక్షిస్తే అంతా సవ్యంగానే కనబడుతుంది.

ఒకాయన ఇదంతా ముందే చదివి, అసలైన కె రకం తీగే కొని పొడిగించాడు. మెచ్చుకోవాలి. అయితే అతుకు దగ్గర ఎరుపుకి పసుపు కలిపాడు. ముల్లు వెనక్కి తిరిగింది. మీటరు దగ్గర రెండు వైర్లూ తారుమారు చేశాడు, ముల్లు ముందుకొచ్చింది, పని అయిపోయిందనుకున్నాడు. రెండుసార్లు తిప్పితే సరిపోయే లెక్క కాదది. మధ్య ముక్క ఎదురు తిరిగి ఉంది కాబట్టి కలపాల్సిన యాభై అయిదుని అదే తీసేస్తోంది. నష్టం రెండింతలు, దగ్గర దగ్గర 200 ఫారన్‌హీట్ తక్కువ. నన్నడిగితే వెనక్కి తిరిగే ముల్లే నయం, తప్పుందని చెబుతుంది.

ఇంతకీ ఆ ఎరుపు. చిన్నప్పటి నుంచి బ్యాటరీ మీద, రేడియో మీద, చివరికి ఆటో హారన్ మీద కూడా ఎరుపంటే ప్లస్సే. అమెరికా పద్ధతి థర్మోకపుల్లో ఎరుపు మైనస్. పసుపు ప్లస్. మళ్లీ రాస్తున్నాను, ఎరుపు మైనస్. యూరప్ పద్ధతిలో వచ్చిన తీగ కొంటే ఆకుపచ్చ ప్లస్, తెలుపు మైనస్. దీన్ని ఎవరు ఎందుకు పెట్టారో గానీ, ఇరవై ఏళ్ల చేతి అలవాటు మీద ఒక్క రంగు నీళ్లు పోస్తుంది. నేనూ మొదటిసారి ప్లస్‌కే కలిపాను. మంచి మీటరుని పాడైందని వెనక్కి పంపి, రెండోది వచ్చాక అదీ వెనక్కి తిరిగితే అప్పుడు కూర్చుని కాగితం చదివాను.

కాబట్టి కత్తిరించిన వాళ్లు కొత్త లీడు (ప్రోబు నుంచి మీటరు దాకా వచ్చే వైరు) తెప్పించుకోండి. టంకం, టేపు మాటలొద్దు. కొన్ని పాత తరహా మీటర్లలో యాంప్లిఫయర్ ఉండదు, ఆ 28 మిల్లీవోల్టులే ముల్లుని నెట్టాలి. వాటికి ఇచ్చిన వైరు పొడవు కూడా లెక్కలో భాగం. పొట్టి చేస్తే ముల్లు ఎక్కువ చూపిస్తుంది.

టర్బో దాటాక పైపులో ప్రోబు పెట్టి "మూడొందలు కలుపుకుంటున్నాను" అన్నాయనకి ఒక మాట. గ్యాసు తన వేడిలో కొంత ఖర్చుపెట్టే టర్బో చక్రాన్ని తిప్పుతుంది. లోడు మీద ఆ తేడా రెండు మూడు వందల ఫారన్‌హీట్ ఉంటుంది, ఇంకా ఎక్కువా ఉండొచ్చు. ఊరికే ఆన్‌లో ఉంటే దాదాపు ఏమీ ఉండదు. మారే సంఖ్యని స్థిరంగా కలిపితే ఏం లాభం? మానిఫోల్డుకి కన్నం పెట్టాలంటే భయమేస్తుంది, నిజమే. బిట్టు నిండా గ్రీజు పూసి, రెండు తిప్పులకోసారి తీసి తుడుస్తూ, చివర అయస్కాంతం దింపి రజను లాగండి. నడి మధ్యలో మాత్రం పెట్టకండి, ముందు మూడు సిలిండర్లకీ వెనక మూడింటికీ మధ్య లోపల గోడ ఉంటుంది. 1250 ఎందుకంటే పిస్టన్లు అల్యూమినియంవి, అల్యూమినియం కరిగేది 660 సెల్సియస్‌కి. పిస్టన్ని కింద నుంచి ఆయిలు చల్లబరుస్తుంది కాబట్టి ఆ సంఖ్య తాకగానే కరిగిపోదు, కానీ గుట్ట పొడుగునా అక్కడే నిలబెట్టకూడదు.

సరే, ఫ్యూయల్ ప్రెషర్.

ఈ బండిలో అసలు బలహీనత ఇంజిన్ కాదు, దాన్ని నడిపే వీపీ44 ఇంజెక్షన్ పంపు. అది తన గుండా పారే డీజిల్‌తోనే చల్లబడుతుంది, దాంతోనే జిడ్డు పట్టి తిరుగుతుంది. డీజిల్ అందించే చిన్న లిఫ్ట్ పంపు నీరసించినా ఇంజిన్ ఏమీ చెప్పకుండా నడుస్తూనే ఉంటుంది. పంపుకి దెబ్బ తగిలాక బండి కంప్యూటర్లో పీ0216 అనే తప్పు కోడు వస్తే వస్తుంది, అప్పటికి వెయ్యి డాలర్లు దాటిపోయిన ఖర్చు. నేను పాటించే గీత 10 పీఎస్ఐ. ఊరికే ఆన్‌లో ఉన్నప్పుడు పద్నాలుగు పదిహేను ఉండాలి, పూర్తిగా తొక్కినా పది కిందకి జారకూడదు. మీటరు 0 నుంచి 30 దాకా ఉన్నది చాలు.

ఫోర్డ్ 7.3 వాళ్లు ఇది కొనకండి, మీ ప్రెషర్ యాభై పైన, 100 దాకా ఉన్నది కావాలి. పాత డ్యూరామాక్స్ (జీఎం ట్రక్కుల డీజిల్ ఇంజిన్) వాళ్లలో ఒకరు ముందే తొందరపడి బిగించి, సున్నా చూపిస్తోందని కంగారుపడ్డారు. మీకు ఫ్యాక్టరీ లిఫ్ట్ పంపే లేదు స్వామీ, ఇంజెక్షన్ పంపే ట్యాంకు నుంచి పీల్చుకుంటుంది. మీకు కావాల్సింది వాక్యూమ్ మీటరు.

ప్రెషర్ ఎక్కడ కొలవాలి? ఫిల్టరు దాటాక, వీపీ44 లోపలికి వెళ్లే చోట. అక్కడి బాంజో బోల్టు (డీజిల్ తన లోపలి నుంచే పారే బోలు బోల్టు) తీసి కన్నం ఉన్న బోల్టు వేస్తే చాలు. ఫిల్టరుకి ముందు కొలిస్తే, ఫిల్టరు మూసుకుపోయిన కొద్దీ ముల్లు ఇంకా బాగా నిలబడుతుంది, అవతల పంపు ఎండుతుంది.

సెండర్ని (ఒత్తిడిని కొలిచి వైరు మీద మీటరుకి చెప్పేది) నేరుగా ఇంజిన్ మీద బిగించొద్దు. లిఫ్ట్ పంపు కొట్టే దెబ్బలకి, ఇంజిన్ వణుకుకి లోపలిది అరుగుతుంది. బోల్టు దగ్గర చిన్న నీడిల్ వాల్వు, అక్కణ్నుంచి డీజిల్‌కి తట్టుకునే గొట్టం, దాని చివర బాడీ మీద సెండరు. వాల్వు బాగా బిగించి, ముల్లు వణుకు ఆగే చోట ఆపండి. పూర్తిగా మూస్తే ముల్లు పాత సంఖ్య మీదే నిలిచిపోతుంది, అదే మంచి ప్రెషరనుకుని మోసపోతారు. వైరు లేకుండా పైపుతో నడిచే మీటరైతే డీజిల్ పైపుని క్యాబిన్లోకి తేవడం నేను ఒప్పుకోను, ఎంత సన్నదైనా సరే.

ఒక్క వైరే ఉన్న సెండరు తన మరల ద్వారానే గ్రౌండు తీసుకుంటుంది. ఆ మరలకి లీకు ఆపే తెల్ల టేపు ఆరు చుట్లు చుట్టి, సెండర్ని రబ్బరు గొట్టం చివర వేలాడదీస్తే గ్రౌండు ఎక్కడిది? సెండరు ఒంటి నుంచి బ్యాటరీ మైనస్‌కి మల్టీమీటరులో ఒక ఓమ్ లోపు రావాలి. రాకపోతే ఒక క్లిప్పు వేసి గ్రౌండు వైరు లాగండి.

కరెంటు, లైటు వైర్లు బూస్టు మీటరుకి చేసినట్టే. అది మళ్లీ చెప్పను.

మీటర్లని గూట్లో నిటారుగా పెట్టాలని రూలేం లేదు. నేను పైరోలో 1250, ఫ్యూయల్లో 10 సరిగ్గా పైకి వచ్చేలా మీటర్లనే తిప్పి బిగించాను. పైరో ముల్లు నిటారు దాటి కుడికి వాలితే కాలు తీస్తాను, ఫ్యూయల్ ముల్లు ఎడమకి వాలినా అంతే. అంకెలు చదవను. మా ఆవిడ మొదటిసారి చూసి "డబ్బులు పోసి వంకరగా బిగించుకున్నావేంటి" అంది. రంగులు మారే లైట్లున్న మీటర్లు నాకు పడవు, రాత్రిపూట హైవే మీద పెళ్లి పందిట్లో కూర్చున్నట్టుంటుంది.

సాధన. ఈసారి కష్టమైనదే. ఇంజిన్ పూర్తిగా చల్లారాక ప్రోబు విప్పండి. రెండు వైర్లనీ మీటరు నుంచి తీసి మల్టీమీటరుకి తగిలించండి, మిల్లీవోల్టుల స్కేలు, పసుపు ప్లస్‌కి. గది పాతిక డిగ్రీలుంటే, మరిగే నీళ్లలో కొస ముంచినప్పుడు 3.1 రావాలి. కరుగుతున్న ఐసు నీళ్లలో మైనస్ 1.0. ఐసు దగ్గర మైనస్ రాకపోతే మీ ఎరుపు ఇంకా ప్లస్‌లోనే ఉంది. డెన్వర్లాంటి ఎత్తైన ఊళ్లో ఉన్నవాళ్లకి నీళ్లు 95 డిగ్రీలకే మరుగుతాయి, మీకు 2.9 వస్తే కంగారుపడకండి. పొడిగించిన వాళ్లు అతుకుని వేడినీళ్ల గ్లాసుకి ఆనించి, ప్రోబుని కదల్చకుండా చూడండి. సంఖ్య మారిందంటే ఇప్పటిదాకా చెప్పిందంతా మీ కళ్ల ముందే జరుగుతోంది.

తర్వాత ట్రైలర్ కట్టి, మీకు తెలిసిన ఎత్తు మీద ఒకే వేగంతో ఎక్కండి. పక్కన ఎవరినైనా కూర్చోబెట్టి ముప్పై సెకన్లకోసారి మూడు మీటర్లూ రాయించండి. మీరు రాయకండి, రోడ్డు చూడండి. అదే ఎత్తు మధ్యాహ్నం ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి. అయిదో పాఠంలో ట్రాన్స్‌మిషన్ వేడికి వెళ్లేటప్పుడు ఆ కాగితం కావాలి.

కెటిల్ విషయం. ప్రోబు మరలకి, పట్టేయకుండా పూసిన యాంటీసీజ్ పేస్టు నీళ్లలో కలుస్తుంది. వంటింటి కెటిల్ ముట్టుకోకండి, పాత గిన్నె ఏదైనా గరాజులోకి తెచ్చుకోండి. నేను తెచ్చుకోలేదు, అందుకే మా ఇంట్లో ఇప్పుడు రెండు కెటిల్సున్నాయి.