యుద్ధకాలపు ప్రసంగంలో ‘నన్ను నమ్మండి’ ఎక్కడ దాక్కుంటుంది?

వక్తృత్వ పోటీలకు పిల్లల్ని తయారుచేయడం నా పని. యుద్ధకాలపు ప్రసంగం ఏదైనా చేతికిస్తే ముందు ఆవేశపు వాక్యాల కిందే గీతలు గీస్తారు. నేను పెన్సిల్ లాక్కుంటాను. నాయకుడు మనకు తన మీద గురి ఎలా కుదురుస్తున్నాడో ముందు చూడాలి. అరిస్టాటిల్ ఈథోస్ అన్నది దీన్నే.

మొదటిసారి చదివేటప్పుడు వక్త తనకే ఇబ్బందైన నిజం ఎక్కడ ఒప్పుకున్నాడో వెతకండి. 1940 జూన్ 4న బ్రిటన్ ప్రధాని చర్చిల్ పార్లమెంటులో చేసిన ప్రసంగం అనగానే ‘తీరాల్లో పోరాడతాం’ అన్న ముగింపే గుర్తొస్తుంది. కానీ దానికి ముందు ఉన్నది చాలావరకు నష్టాల లెక్క. జర్మన్ సేనలు చుట్టుముట్టిన ఫ్రాన్స్ తీరపట్టణం డన్‌కిర్క్ నుంచి 3,30,000 మందికి పైగా సైనికులు బయటపడ్డారని జనం ఊపిరి పీల్చుకుంటున్న సమయం అది. ఆయనేమో చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, జాడ తెలియనివాళ్లు కలిపి 30,000 దాటారన్నాడు. దాదాపు వెయ్యి ఫిరంగులు పోయాయన్నాడు. సైన్యాన్ని వెనక్కి తెచ్చుకున్నంత మాత్రాన యుద్ధాలు గెలవలేమన్నాడు. ఇంత చేదు దాచకుండా చెప్పినవాడు కాబట్టే ‘లొంగిపోం’ అంటే జనం విన్నారు. ఆ లెక్కలు కొట్టేసి ముగింపు ఒక్కటే చదివిస్తాను. ఉత్త అరుపులా ఉంటుంది, మీరూ చదివి చూడండి.

రెండోసారి ప్రతి ‘వుయ్’నీ తెలుగులోకి మార్చండి. ఇంగ్లీషులో ఒకటే మాట, మనకు మేము వేరు, మనం వేరు. ‘మేము నిర్ణయించాం’ దగ్గర మొదలై ‘మనం భరిద్దాం’ దగ్గరికి ఎప్పుడు జారాడో అక్కడ పట్టుబడతాడు. (ఈ కిటుకు నేర్చుకున్నాక పిల్లలు ప్రిన్సిపాల్ ప్రసంగాల్ని కూడా వదలడం లేదు.)

వక్త ఎక్కడ నిలబడ్డాడో కూడా రాసుకోండి. 2022 ఫిబ్రవరి 25 రాత్రి, రష్యా దాడి మొదలైన మర్నాడు, ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ రాజధాని కీవ్ వీధిలో సహచరులతో నిలబడి ఫోన్లో వీడియో తీసి, అందరం ఇక్కడే ఉన్నామన్నాడు. పారిపోయాడన్న పుకారుకు ఆ వీధే జవాబు.

ఇక అరువు తెచ్చుకున్న పరపతి, అంటే ఆధారాలకు బదులు వక్త పాత పేరు చూపించి నమ్మించడం. నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. 2003 ఫిబ్రవరి 5న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో ఇరాక్ ఆయుధాల గురించి మాట్లాడింది అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్. ఒకప్పుడు అమెరికా సైన్యంలో అత్యున్నత పదవి చేసిన జనరల్. ప్రాణాంతకమైన ఆంత్రాక్స్ పొడి ఇంత ఉన్నా ప్రమాదమేనంటూ చేతిలో చిన్న సీసా పట్టుకుని చూపించాడు. ఆ ఆయుధ నిల్వలు తర్వాత దొరకలేదు. ఆ ప్రసంగం తన జీవితంలో మచ్చ అని 2005లో ఆయనే ఒప్పుకున్నాడు. అందుకే ఇలాంటి ప్రసంగం దొరికితే వక్త పేరు, హోదా కనబడకుండా కాగితం మడిచి, ‘ఈ సంగతి నీకెలా తెలుసు?’ అని ప్రతి ఆరోపణ పక్కనా రాయండి.