క్రిప్టో వాలెట్ అడ్రస్ ఎక్కడ దొరుకుతుంది, పొరపాటు లేకుండా ఎలా వాడాలి?

"పంపేశాను అన్నా, ఇంకా రాలేదు" అని ఫోను చేసేవాళ్లను నేను ముందుగా అడిగేది ఒకటే: అడ్రస్ ఎక్కడినుంచి కాపీ చేశావు? "పాత లావాదేవీల జాబితాలోంచి" అని జవాబు వచ్చిందంటే ఆ తర్వాత మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. క్రిప్టోలో అడ్రస్ అంటే డబ్బు చేరాల్సిన ఖాతా నంబరు లాంటిది. బిట్‌కాయిన్ బదిలీ ఒకసారి ఖరారైతే దాన్ని వెనక్కి తిప్పే అధికారం ఏ కంపెనీకీ లేదు. వంద రూపాయల రీచార్జికి నంబరు రెండుసార్లు సరిచూసుకునే మనిషి, లక్షల విలువైన బదిలీకి మాత్రం మొదటి నాలుగు అక్షరాలు చూసి బటన్ నొక్కేస్తాడు. ఎందుకో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

ఇక్కడ చెప్పబోయేది ఎక్కువమందికి అవసరమయ్యే సందర్భం గురించి: ఎక్స్ఛేంజిలో, అంటే క్రిప్టో కొని అమ్మే సంస్థలో, కొన్న కాయిన్లను సొంత వాలెట్‌కు, అంటే తాళంచెవి మీ దగ్గరే ఉండే యాప్‌కు, మార్చుకోవడం. ఇంకొకరికి పంపేటప్పుడూ పద్ధతి ఇదే.

కావలసినవి

ఎక్స్ఛేంజి ఖాతా, సొంత వాలెట్, పెద్ద తెర ఉన్న కంప్యూటర్, పక్కన ఇంకో ఫోను, ఎవరూ పిలవని అరగంట. వాలెట్ యాప్‌ను తయారీదారు అసలు వెబ్‌సైట్‌లోని లింకు ద్వారానే దించుకోండి. గూగుల్‌లో వెతికితే పైన కనిపించే ప్రకటనలను నొక్కకండి, వాటిలో నకిలీలు దూరతాయి. పెద్ద మొత్తాలను అరచేతిలోని తెర మీద పంపకూడదు. ఇందులో మినహాయింపులు లేవు.

పంచుకోదగినది, పంచుకోకూడనిది

అడ్రస్ ఎవరికైనా ఇవ్వవచ్చు. దానితో మీకు డబ్బు పంపగలరే తప్ప మీ డబ్బు తీయలేరు. డబ్బును కదిలించే తాళంచెవి అయిన ప్రైవేట్ కీ గానీ, ఆ తాళంచెవులన్నీ పుట్టే, వాలెట్ పెట్టుకున్న రోజున రాసుకోమన్న 12 లేదా 24 ఇంగ్లిష్ పదాల సీడ్ ఫ్రేజ్ గానీ ఎవరికీ ఇవ్వకూడదు. "అడ్రస్ ధ్రువీకరణ కోసం మీ పన్నెండు పదాలు పంపండి" అని టెలిగ్రామ్‌లో అడిగేవాడు ఏ కస్టమర్ కేర్‌కూ చెందినవాడు కాదు, దొంగ. పదాలను స్క్రీన్‌షాట్ తీసి గ్యాలరీలో దాచుకునేవాళ్లూ ఉన్నారు. కాగితం, పెన్ను ఉండగా ఆ పని ఎందుకు?

అడ్రస్ ఇవ్వవచ్చు కదా అని ఫేస్‌బుక్‌లో పెట్టేయకండి. బిట్‌కాయిన్‌లోనూ, ఇథీరియంలోనూ అడ్రస్ తెలిసిన ఎవరైనా అందులో ఎంత ఉంది, ఎప్పుడు ఎక్కడికి వెళ్లింది అన్నదంతా చూడగలరు. మీ జీతం స్లిప్పును గోడకు అతికించరు కదా.

అడ్రస్ కనుక్కోవడం

ఇది తేలిక. సొంత వాలెట్‌లో "రిసీవ్", ఎక్స్ఛేంజిలో "డిపాజిట్" నొక్కండి. కాయిన్ ఎంచుకోండి, నెట్‌వర్క్, అంటే బదిలీ ఏ దారిన వెళ్లాలో, అడిగితే అదీ ఎంచుకోండి. పొడవాటి అక్షరాల వరస, దాని క్యూఆర్ కోడ్ కనిపిస్తాయి. అదే అడ్రస్. కొన్ని యాప్‌లలో కొనడం, అమ్మడం తప్ప బయటికి పంపే వీలే ఉండదు. అలాంటి చోట మీకంటూ అడ్రస్ ఉండదు, ఎంత వెతికినా దొరకదు.

బిట్‌కాయిన్ వాలెట్ ప్రతిసారీ కొత్త అడ్రస్ చూపిస్తే కంగారుపడకండి. గోప్యత కోసం అలా మారుస్తుంది. పాతవి కూడా పనిచేస్తూనే ఉంటాయి, అన్నీ మీ సీడ్ ఫ్రేజ్ కిందివే. ఎక్స్ఛేంజి ఇచ్చే డిపాజిట్ అడ్రస్‌కు మాత్రం ఆ భరోసా లేదు. ఎప్పుడో రాసిపెట్టుకున్నది ఇవాళ వాడకండి, లాగిన్ అయి కొత్తగా చూసుకోండి.

అడ్రస్ రూపాన్ని బట్టే అది ఏ కాయిన్‌దో చాలావరకు చెప్పవచ్చు. బిట్‌కాయిన్ పాత అడ్రస్‌లు 1తో గానీ 3తో గానీ, కొత్తవి బీసీ1తో మొదలవుతాయి. ఇథీరియంవి 0ఎక్స్ తర్వాత 40 అక్షరాలు. ట్రాన్‌వి టీతో మొదలై 34 అక్షరాలు ఉంటాయి. 1తో, 3తో మొదలయ్యే బిట్‌కాయిన్ అడ్రస్‌లలో సున్నా గానీ, పెద్ద ఓ గానీ, పెద్ద ఐ గానీ, చిన్న ఎల్ గానీ కనబడవు. ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకుంటారని సృష్టికర్తే వాటిని తీసేశాడు. పైగా, చేత్తో కొడుతూ ఒక అక్షరం తప్పితే బిట్‌కాయిన్ వాలెట్ వెంటనే పట్టేసి పంపనివ్వదు. అడ్రస్ లోపలే సరిచూసుకునే లెక్క ఉంటుంది. చాలామంది భయపడేది ఈ అక్షరదోషానికే, కానీ అది అసలు ప్రమాదం కాదు. వేరొకరి అడ్రస్, అదీ అక్షరం పొల్లుపోకుండా సరిగ్గా ఉన్న అడ్రస్, అడ్రస్ రాసే పెట్టెలో పడటమే ప్రమాదం. దాని సంగతి కాసేపట్లో.

నెట్‌వర్క్

డాలరు విలువకు ముడిపెట్టిన యూఎస్‌డీటీ లాంటి టోకెన్ (వేరే నెట్‌వర్క్ మీద నడిచే కాయిన్) ఒకేసారి చాలా నెట్‌వర్క్‌ల మీద నడుస్తుంది. ఇథీరియం మీద దాని రూపాన్ని ఈఆర్‌సీ-20 అంటారు, ట్రాన్ మీద టీఆర్‌సీ-20, బీఎన్‌బీ చెయిన్ మీద బీఈపీ-20. పంపే చోట, అందుకునే చోట ఒకే నెట్‌వర్క్ ఎంచుకోవాలి. ట్రాన్ అడ్రస్ రూపం వేరు కాబట్టి దాన్ని ఇథీరియం పెట్టెలో పెడితే తిరస్కరిస్తుంది. పొరపాటు జరిగేది ఇథీరియం, బీఎన్‌బీ చెయిన్, పాలిగాన్ మధ్య. వీటన్నిటికీ అదే 0ఎక్స్ అడ్రస్. డోర్ నంబరు 4-12 ప్రతి ఊళ్లోనూ ఉన్నట్టే ఇదీ. ఊరి పేరు తప్పు రాస్తే ఉత్తరం ఆ ఊళ్లో 4-12కే చేరుతుంది. సొంత వాలెట్‌కు పంపినప్పుడు ఈ పొరపాటు జరిగితే, అదే వాలెట్‌లో ఆ రెండో నెట్‌వర్క్‌ను కలుపుకుంటే డబ్బు కనిపిస్తుంది, ఎందుకంటే తాళంచెవి మీ దగ్గరే ఉంది. ఎక్స్ఛేంజికి పంపినప్పుడు జరిగితే వాళ్ల దయ. కొందరు రుసుము తీసుకుని వెతికి ఇస్తారు, కొందరు ఇవ్వరు.

ఫీజు తక్కువని అందరూ టీఆర్‌సీ-20 ఎంచుకోమంటారు. ఎంచుకోండి, కానీ అక్కడినుంచి మళ్లీ పంపాలంటే ఫీజు కట్టడానికి వాలెట్‌లో కొంచెం ట్రాన్ కాయిన్ కూడా ఉండాలని ఆ సలహా ఇచ్చినవాళ్లు చెప్పరు. ఇథీరియం మీద అయితే కొంచెం ఈథర్ ఉండాలి. అది లేక, వెయ్యి డాలర్ల టోకెన్ చేతిలో ఉన్నా కదపలేక కూర్చున్నవాళ్లను చూశాను.

ఎక్స్‌ఆర్‌పీ, స్టెల్లార్ లాంటివాటిని ఎక్స్ఛేంజికి పంపేటప్పుడు అడ్రస్‌తో పాటు ట్యాగ్ లేదా మెమో అనే సంఖ్య అడుగుతుంది. ఎక్స్ఛేంజి ఖాతాదారులందరికీ అక్కడ ఒకే అడ్రస్ ఉంటుంది, ఆ సంఖ్యతోనే ఇది మీదని గుర్తుపడుతుంది. ఖాళీగా వదలకండి.

కాపీ చేయడం, సరిచూడటం

ఇక్కడ నెమ్మదించండి. దీనికి ముందున్నవాటిలో యాప్ కొంతైనా సాయపడుతుంది, ఇది మాత్రం మీ కళ్లే చూసుకోవాలి.

అడ్రస్‌ను ఎప్పుడూ అందుకునే చోటినుంచే, ఆ రోజే, ఆ గంటలోనే తీసుకోవాలి. మీ వాలెట్ అయితే మీ వాలెట్‌లోని "రిసీవ్" తెర నుంచి. ఇంకొకరిదైతే వాళ్లకు ఫోను చేసి, గొంతు గుర్తుపట్టాక, అప్పుడు పంపించుకోవాలి. వాట్సాప్‌లో పోయిన నెల వచ్చిన మెసేజ్ వెతికి వాడకూడదు. వాలెట్‌లోని పాత లావాదేవీల జాబితా నుంచి అసలే తీసుకోకూడదు.

ఎందుకంటే ఆ జాబితాలో దొంగలు కూడా రాయగలరు. ఇది చాలామందికి తెలియదు. మీరు ఒక అడ్రస్‌కు డబ్బు పంపారనుకోండి. బ్లాక్‌చెయిన్‌ను, అంటే అందరూ చూడగల లావాదేవీల పద్దును, కనిపెట్టుకుని కూర్చున్న దొంగ నిమిషాల్లో దానిలాగే కనిపించే ఇంకో అడ్రస్‌ను తయారుచేస్తాడు. మొదటి నాలుగు అంకెలు అవే, చివరి నాలుగూ అవే. ఆ అడ్రస్ నుంచి మీకు పైసా విలువైన టోకెన్ పంపుతాడు, లేదా సున్నా బదిలీ సృష్టిస్తాడు. అది మీ జాబితాలో పైన కూర్చుంటుంది. చాలా యాప్‌లు అడ్రస్‌ను పూర్తిగా చూపించవు, చోటు చాలదని మధ్యభాగం మింగేసి 0ఎక్స్4719…8836 అని చుక్కలు పెడతాయి. అసలుదీ అలాగే కనిపిస్తుంది, నకిలీదీ అలాగే కనిపిస్తుంది. రెండూ ఒకదాని కింద ఒకటి ఉన్నప్పుడు వేలు పైదాని మీదకే వెళ్తుంది. దీన్నే అడ్రస్ పాయిజనింగ్ అంటారు.

2024 మే నెలలో ఒక వ్యక్తి ఇలాగే 1,155 వ్రాప్డ్ బిట్‌కాయిన్‌ను (ఇథీరియం మీద నడిచే బిట్‌కాయిన్ రూపం), అంటే సుమారు 6.8 కోట్ల డాలర్ల విలువైనదాన్ని, నకిలీ అడ్రస్‌కు పంపేశాడు. అంతకుముందే సరైన అడ్రస్‌కు చిన్న మొత్తం పంపి చూసుకున్నాడు కూడా. ఆ చిన్న బదిలీని చూసే దొంగ వల వేశాడు. తర్వాత బేరసారాలు నడిచి సొమ్ము చాలావరకు వెనక్కి వచ్చింది. అంత పెద్ద మొత్తం కాబట్టి ప్రపంచమంతా వెంటపడింది. మీ యాభై వేల కోసం ఎవరూ వెంటపడరు.

"మొదటి నాలుగు, చివరి నాలుగు చూస్తే చాలు" అనే సలహా యూట్యూబ్ నిండా ఉంది. దానితో నాకు పెద్ద పేచీ. ఇథీరియం అడ్రస్‌లో ఒక్కో స్థానానికి 16 అవకాశాలు ఉంటాయి. ఎనిమిది స్థానాలు కలిసేలా అడ్రస్ తయారుచేయాలంటే సగటున 430 కోట్ల ప్రయత్నాలు కావాలి. వినడానికి పెద్ద సంఖ్యే, మంచి గ్రాఫిక్స్ కార్డుకు మాత్రం కాఫీ చల్లారేలోపు అయ్యే పని. అంటే మీరు చూసే ఆ ఎనిమిదీ దొంగకు తెలిసినవే, వాడు కలిపేది కూడా వాటినే. ఇంకొక స్థానం కలిపిన ప్రతిసారీ వాడి కష్టం పదహారు రెట్లు అవుతుంది. మొత్తం నలభై కలపడం ఎవరివల్లా కాదు.

కాబట్టి మొత్తం చదవండి. 0ఎక్స్ తర్వాత నలభై అక్షరాలు, నాలుగేసి చొప్పున పది గుంపులు. కంప్యూటర్ తెర మీద పెట్టెలో ఉన్నదాన్ని మీరు పైకి చదవండి, పక్కవాళ్లు ఫోనులోని అసలుదాన్ని చూస్తూ ఊఁ కొట్టాలి. ఒంటరిగా ఉంటే కాగితం మీద రాసుకుని గుంపు గుంపునా టిక్కు పెట్టండి. ఒక నిమిషం పడుతుంది. ఎక్కువ అనిపిస్తే పంపడం మానేయండి. క్యూఆర్ స్కాన్ చేసినా ఇది తప్పదు, తెలియని చోట అతికించిన కోడ్ మీద ఇంకో స్టిక్కరు వేయడం దొంగకు కష్టమైన పనేమీ కాదు.

సరిచూడాల్సింది పేస్ట్ చేసిన తర్వాత. కాపీ చేసినప్పుడు చూసి, పేస్ట్ చేశాక చూడకపోవడం వృథా. మీరు కాపీ చేసిన అడ్రస్‌ను పేస్ట్ అయ్యేలోపు తన అడ్రస్‌తో మార్చేసే వైరస్‌లు ఎప్పటినుంచో ఉన్నాయి. ఉచితంగా దొరికే దొంగ సాఫ్ట్‌వేర్‌తో పాటు కంప్యూటర్‌లోకి వస్తాయి. క్లిప్‌బోర్డ్‌ను కనిపెడుతూ ఉంటాయి, అడ్రస్ లాంటిది కనబడగానే మారుస్తాయి, ఇంకే అల్లరీ చేయవు. అందుకే సరిచూడటానికి రెండో పరికరం కావాలన్నాను. అదే కంప్యూటర్‌లో రెండు కిటికీలు తెరిచి పోల్చితే ఏం లాభం, ఆ కంప్యూటర్‌నే నమ్మలేనప్పుడు?

హార్డ్‌వేర్ వాలెట్ (తాళంచెవిని విడిగా దాచే చిన్న పరికరం) ఉన్నవాళ్లు ఆ బుల్లి తెర మీద కనిపించే అడ్రస్‌నే నిజంగా తీసుకోవాలి, కంప్యూటర్‌లో కనిపించేదాన్ని కాదు. 2025 ఫిబ్రవరిలో బైబిట్ ఎక్స్ఛేంజి నుంచి దాదాపు 150 కోట్ల డాలర్ల ఈథర్ పోయింది. ఆమోదించినవాళ్లకు కంప్యూటర్ తెర మీద కనిపించింది ఒకటి, సంతకం పెట్టింది మరొకదానికి. అంత పెద్ద సంస్థలో జరిగింది మన ఇంటి ల్యాప్‌టాప్‌లో జరగదనుకోవడం అమాయకత్వం.

ముందు కొంచెం, తర్వాత అంతా

ఎక్స్ఛేంజి అనుమతించే అతి తక్కువ మొత్తం పంపండి. ఫీజు దండగ అనుకోవద్దు. అందుకునే వాలెట్‌లో అది కనిపించేదాకా ఆగండి. కనిపించాక, మీరు చదివి సరిచూసిన అడ్రస్‌ను ఎక్స్ఛేంజిలోని అడ్రస్ బుక్‌లో పేరు పెట్టి దాచుకోండి. వైట్‌లిస్ట్ సదుపాయం (దాచిన అడ్రస్‌లకే పంపనిచ్చేది) ఉంటే ఆన్ చేయండి, కొత్త అడ్రస్‌కు ఒక రోజు ఆగాలన్నా సరే. మిగతా మొత్తం ఆ అడ్రస్ బుక్ నుంచే పంపండి. మళ్లీ చెబుతున్నాను, జాబితా నుంచి కాదు.

పంపాక

ట్రాన్సాక్షన్ ఐడీ వస్తుంది. లావాదేవీలు చూపించే ఎక్స్‌ప్లోరర్ సైట్‌లో దాన్ని వేస్తే ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది. బిట్‌కాయిన్‌లో సగటున పది నిమిషాలకు ఒక బ్లాక్, అంటే లావాదేవీల కట్ట, చేరుతుంది, ఆరు బ్లాక్‌లు దాటితే స్థిరపడినట్టే. అంటే గంటసేపు ఊరుకోండి. పది నిమిషాలకే మళ్లీ పంపి రెండుసార్లు పంపుకున్నవాళ్లూ ఉన్నారు.

ఆ ఐడీ, తేదీ, కొన్న ధర ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి. మన దేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, అదే ఏడాది జూలై 1 నుంచి అమ్మకం మీద ఒక శాతం టీడీఎస్ ఉన్నాయి. అమ్మిన నాడు కొన్న ధర చూపించలేకపోతే ఇబ్బంది మీదే.

మోసపోయారని తేలితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోను చేసి, అడ్రస్, ట్రాన్సాక్షన్ ఐడీ రెండూ ఇవ్వండి. దొంగ ఆ సొమ్మును ఏదైనా ఎక్స్ఛేంజికి తరలిస్తే అక్కడ ఆపించే అవకాశం ఉంటుంది. ఈలోగా "మీ కాయిన్లు వెనక్కి తెప్పిస్తాం, ముందు కొంత ఫీజు కట్టండి" అని మెసేజ్ పెట్టేవాళ్లు తప్పకుండా తగులుతారు. వాళ్లకు పైసా ఇవ్వకండి, నంబరు బ్లాక్ చేయండి.