పెరట్లో రెండో ఇల్లు – 3వ పాఠం: సెట్‌బ్యాక్ పోగా మిగిలే జాగా

గత పాఠంలో దస్తావేజు, లేఅవుట్ అనుమతి సరిచూసుకున్నాం. ఇప్పుడు టేపు పట్టుకుని పెరట్లోకి దిగాలి. తల్లిదండ్రుల కోసమో, అద్దెకిచ్చేందుకో వెనక చిన్న ఇల్లు వేయాలనుకునేవారు సాధారణంగా ఖాళీ జాగా ఎంతుందో చూస్తారు. నిబంధనల ప్రకారం హద్దు నుంచి కట్టడం దాకా ఖాళీగా వదలవలసిన జాగాను సెట్‌బ్యాక్ అంటారు; అది వదిలాక ఎంత మిగులుతుందో తేల్చుకోవడమే అసలు పని.

తిరుపతిలో స్థలాన్ని అంకణాల్లో చెప్పుకుంటాం; ప్లానులో మాత్రం చదరపు మీటర్లే రాయాలి. ఇక్కడి అంకణం 36 చదరపు అడుగులు, అంటే సుమారు 3.34 చదరపు మీటర్లు. ఆ లెక్కన 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు ఉన్న 50 అంకణాల సైటు 167 చదరపు మీటర్లవుతుంది. దస్తావేజులోని కొలత, నేల మీది కొలత వేరుగా ఉంటే తక్కువ దానినే తీసుకోండి.

ఆంధ్రప్రదేశ్ భవన నిబంధనలు, 2017 ప్రకారం సెట్‌బ్యాక్‌ను సైటు విస్తీర్ణం, రోడ్డు వెడల్పు, కట్టడం ఎత్తు నిర్ణయిస్తాయి. ఆ తర్వాత సవరణలు వచ్చాయి కనుక అమల్లో ఉన్న పట్టికను లైసెన్సు పొందిన సాంకేతిక నిపుణుని దగ్గర చూసుకోవాలి. పాత ఊరి ఇరుకు వీధుల్లో మరో జాగ్రత్త అవసరం: మాస్టర్ ప్లానులో ఆ వీధికి విస్తరణ ఉంటే, ఇంటి ముందువైపు సెట్‌బ్యాక్‌ను నేటి రోడ్డు అంచు నుంచి కాక, విస్తరించబోయే అంచు నుంచి కొలుస్తారు.

సాధన కోసం మన సైటులో పక్కలా వెనకా ఒక్కో మీటరు, పాత ఇంటికీ కొత్త ఇంటికీ మధ్య రెండు మీటర్లు వదులుతున్నామనుకుందాం. పాత ఇంటి వెనక 25 అడుగుల లోతు ఉంటే, అందులో దాదాపు 10 అడుగులు పోయి 15 మిగులుతాయి. వెడల్పులో 30కి గాను 23 అడుగుల పైచిలుకు మిగులుతుంది. తొమ్మిదంగుళాల గోడలు తీసేస్తే లోపల దక్కేది సుమారు 300 చదరపు అడుగులు. జాతీయ భవన నియమావళి ప్రకారం ఉన్నది ఒకే గది అయితే అది 9.5 చదరపు మీటర్లకు, దాని వెడల్పు 2.4 మీటర్లకు తగ్గకూడదు. వంటగదికి 5, మరుగుదొడ్డితో కలిసిన స్నానాల గదికి 2.8 చదరపు మీటర్లు కావాలి. ఇవన్నీ మన 300 అడుగుల్లో హాయిగా పడతాయి. రెండో గది కూడా ఇరికించవచ్చు గానీ, పెద్దవాళ్లు ఉండే ఇంటికి గాలి ఆడే ఒక పెద్ద గదే మేలని నా గట్టి అభిప్రాయం; మన ఎండాకాలం ఎలా ఉంటుందో తెలిసిందే.

చాలామంది మరిచేది దారి. పాత ఇంటి పక్క గోడలు రెండూ హద్దులకు ఆనుకుని ఉంటే, వెనక ఎంత జాగా ఉన్నా అక్కడికి రోడ్డు నుంచి నడిచే మార్గం ఉండదు. అలాంటి చోట పాత మిద్దె పునాది బలాన్ని పరీక్షింపజేసి, మేడ మీద కట్టుకునే ఆలోచన చేయడం మంచిది. భూగర్భ డ్రైనేజీ లేని శివారు కాలనీల్లో పాత సెప్టిక్ ట్యాంకు సరిగ్గా కొత్త పునాది వచ్చే చోటే ఉండవచ్చు. దాని మూత ఎక్కడుందో ముందే గుర్తించాలి.

వచ్చే పాఠంలోపు గళ్ల కాగితం మీద, ఒక గడిని ఒక అడుగుగా తీసుకుని, మీ సైటు హద్దులు, పాత ఇల్లు, బోరు, ట్యాంకు, దారి గీయండి. సెట్‌బ్యాక్ గీతలు ఎర్ర పెన్సిలుతో గీసి, మిగిలిన జాగా కొలత పక్కనే రాయండి. నాలుగో పాఠంలో ఆ కాగితాన్నే ముందు పెట్టుకుని ఆన్‌లైన్ దరఖాస్తు నింపుదాం.