ఏథెన్సు గుడ్లగూబ నాణేన్ని పరిశీలించే ముందు జాగ్రత్తలు

క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్సు టెట్రాడ్రాక్మాను, అంటే నాలుగు డ్రాక్మాల వెండి నాణేన్ని, చేతిలోకి తీసుకునే ముందు బల్లపై మెత్తని గుడ్డ పరచుకోవాలి. శతాబ్దాల తరబడి మట్టిలో ఉన్న వెండి లోలోపల పెళుసుబారి ఉండవచ్చు కనుక, చేయి జారితే నాణెం విరిగిపోయే ప్రమాదం ఉంది. చేతులు కడిగి ఆరబెట్టుకుని, అంచులను మాత్రమే పట్టుకోవాలి. ఇంట్లో వెండి కుందులను విబూదితో తోమినట్టు దీన్ని తోమడం మాత్రం క్షమించరాని పని.

తూకం సుమారు 17.2 గ్రాములు ఉండాలి. బాగా తక్కువైతే, లోపల రాగి, పైన వెండి పూత ఉన్న నకిలీ కావచ్చు. అంచున లోతైన గాటు కనిపిస్తే దోషమనుకోరాదు. లోపలి లోహాన్ని పరీక్షించేందుకు ప్రాచీనులే అలా ఉలితో కొట్టేవారు.

బొమ్మలను భూతద్దంతో, పక్కనుంచి పడే వెలుతురులో చూడాలి. ముందువైపు గ్రీకు దేవత ఎథీనా ముఖం పక్కకు తిరిగి ఉన్నా, బాదంగింజ లాంటి కన్ను ఎదురుగా చూస్తున్నట్టే ఉంటుంది. అది చెక్కినవాడి పొరపాటు కాదు, ఆ కాలపు శైలి. వెనకవైపు గుడ్లగూబతోపాటు ఆలివ్ రెమ్మ, నెలవంక, ఆల్ఫా, థీటా, ఎప్సిలాన్ అనే గ్రీకు అక్షరాలు ఉన్నాయో లేదో సరిచూసుకోవాలి.

తిరిగి భద్రపరచడానికి పీవీసీ కవర్లు వాడరాదు. అవి వెండిపై పచ్చని జిగురు పొరను మిగులుస్తాయి.